సబ్బుకు ఊపిరాడనివ్వండి

(ఇంట్లో సబ్బులు చేసి సంతల్లో, మేళాల్లో అమ్ముకునే మహిళల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. భోజనాలయ్యాక నన్ను మాట్లాడమన్నారు. కళ్లు మూతలు పడే వేళ కాబట్టి ముందు మీ చేతులకు పని చెబుతాను. ప్రతి బల్ల మీదా రెండు సబ్బులు పెట్టాను. ఒకదానికి నిగనిగలాడే ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టాను. రెండోదానికి నడుముకు కాగితం పట్టీ మాత్రమే ఉంది. రెండూ ఒకే రోజు ఒకే అచ్చులో పోసినవే. తీసుకుని చూడండి, ఒకరి తర్వాత ఒకరు.

చూశారా ఏం చేశారో? పట్టీ ఉన్న సబ్బును దాదాపు అందరూ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ప్లాస్టిక్ చుట్టినదాన్ని ఇటూ అటూ తిప్పి, వెనక రాసింది ఒక క్షణం చూసి, కింద పెట్టేశారు. సంతలో మన స్టాలు ముందు నిలబడే మనిషీ సరిగ్గా ఇంతే చేస్తుంది. సబ్బు కొనేవాళ్లకు కన్ను తర్వాత, ముక్కు ముందు. సూపర్ మార్కెట్‌లో అయితే టీవీలో ప్రకటన చూసి, పేరు తెలిసి వచ్చి, చేయి చాచి బుట్టలో వేసుకుంటారు. మన పేరు ఎవరికీ తెలియదు. మన సబ్బు గురించి మన తరఫున మాట్లాడేది దాని వాసన, పట్టుకుంటే తెలిసే నునుపు, రంగు, అంతే. ఆ మూడింటినీ దాచేసే ప్యాకింగ్‌కు డబ్బు పెట్టడమంటే మన నోరు మనమే కట్టేసుకోవడం.

మాది కాకినాడ. పదకొండేళ్లుగా సబ్బులు చేస్తున్నాను. కొబ్బరినూనె, ఆముదం, నువ్వులనూనె, కాస్టిక్ సోడా కలిపి, వేడి చేయకుండా చేసే పద్ధతి. మీలో సగం మంది ఆ పద్ధతిలోనే చేస్తారని పొద్దున పరిచయాల్లో విన్నాను. మిగతా సగం మంది సోప్ బేస్, అంటే ముందే తయారైన సబ్బు దిమ్మ, తెచ్చి కరిగించి పోస్తారు. ఈ రెండు సబ్బులకూ ప్యాకింగ్ ఒకటే కాదు. నిజానికి ఒకదానికి మంచిది రెండోదానికి చెడు. అది తెలియక నేను మొదటి ఏడాది చాలా సరుకు పాడుచేసుకున్నాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నూనెకు కాస్టిక్ సోడా తగిలితే రెండు పుడతాయి. ఒకటి సబ్బు, రెండోది గ్లిజరిన్. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బయితే 130 గ్రాముల పైచిలుకు గ్లిజరిన్ వస్తుంది. ఆముదం, నువ్వులనూనె లాంటివైతే 100 గ్రాముల దగ్గరలో ఉంటుంది. చాలా పెద్ద ఫ్యాక్టరీలు దాన్ని విడదీసి వేరే అమ్ముకుంటాయి. మన సబ్బులో అది మొత్తం అలాగే ఉండిపోతుంది. ఒంటికి మన సబ్బు మెత్తగా, చర్మం పట్టేయకుండా అనిపించడానికి అదొక ముఖ్య కారణం. అయితే గ్లిజరిన్‌కు ఒక గుణం ఉంది. గాలిలో ఉన్న తేమను తన వైపు లాక్కుంటుంది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో చూశారు కదా, సబ్బూ అంతే. మీద చిన్న చిన్న చుక్కలు పేరుకుంటాయి. మేం దాన్ని సబ్బు చెమట అంటాం. చూసినవాళ్లు సబ్బు పాడైందనుకుంటారు. పాడవలేదు, పొడి గాలి తగిలితే అదే ఆరిపోతుంది.

దీంతో పాటే జరిగేది ఇంకొకటి ఉంది. మనం కోసిన రోజున సబ్బులో నీళ్లు చాలా ఉంటాయి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెడతాం. నేను 118 గ్రాములు ఉండేలా కోస్తే ఆరు వారాలకు అది 105 దగ్గరికి వస్తుంది. ఆరబెట్టడం అయిపోయిందని అనుకున్నాక కూడా నెమ్మదిగా ఎండుతూనే ఉంటుంది. అంటే ఎండాకాలంలో నీటిని వదులుతుంది, వానల్లో కాస్త పీల్చుకుంటుంది. గాలితో ఇచ్చిపుచ్చుకుంటూ ఉండే వస్తువు ఇది. దాన్ని ప్లాస్టిక్‌లో బిగించేస్తే లోపల ఉన్న తేమకు బయటికి దారి ఉండదు. సబ్బుకూ ప్లాస్టిక్‌కూ మధ్య చుక్కలు పేరుకుంటాయి, అంచులు జిగురుగా మారతాయి, వాసన ముక్కిపోయినట్టు అవుతుంది. కాబట్టి వేడి చేయకుండా చేసే మన చేతి పద్ధతి సబ్బుకు గాలాడే చుట్టు కావాలి. కాగితం, గుడ్డ, చిల్లులున్న అట్టపెట్టె, ఏదైనా సరే.

ఇప్పుడు సోప్ బేస్ వాళ్ల సంగతి. ఆ బేస్ పారదర్శకంగా కనిపించాలని, తేలిగ్గా కరగాలని, తయారీలోనే అదనంగా గ్లిజరిన్, అలాంటివే మరికొన్ని కలుపుతారు. మామూలు సబ్బు కంటే అది ఎక్కువ చెమట పడుతుంది. మా తీరం గాలికి అచ్చులోంచి తీసిన పూటే చుక్కలు తేలుతాయి. దాన్ని ఆరబెట్టి లాభం లేదు, ఎంత సేపు బయట ఉంచితే అంత తేమ లాక్కుంటుంది. గట్టిపడి, పూర్తిగా చల్లారగానే శ్రింక్ ఫిల్మ్‌లో, అంటే వేడికి ముడుచుకుని అతుక్కునే ప్లాస్టిక్ పొరలో, పెట్టి వేడి గాలితో బిగించేయాలి. గాలి లోపలికి పోకూడదు. మరి ముక్కు సంగతి అంటారా? పక్కన ఒక సాసర్‌లో అదే సబ్బు ముక్క విప్పి పెట్టండి. సాయంత్రానికి అది చెమటపడితే తీసి మరో ముక్క పెట్టండి. ఒక సంతలో నా పక్క స్టాలు చెల్లెలు బేస్ సబ్బులకు జనపనార తాడు కట్టి, విడిగా బుట్టలో పేర్చింది, చేతి పద్ధతి సబ్బుల్లా కనబడాలని. మధ్యాహ్నానికి తాడు తడిసి సబ్బుకు అతుక్కుంది. ఎదుటివాళ్ల ప్యాకింగ్ చూసి మనం చేయొద్దు. మన సబ్బు ఏంటో చూసి చేయాలి.

నా సొంత అనుభవం చెబుతాను, ఇది బాగా గుర్తుండిపోయింది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంలో పెట్టి ఇవ్వడానికి ఒకావిడ 60 సబ్బులు అడిగారు. తెల్లటి కొబ్బరి సబ్బులు. శుభకార్యం కదా అని నేను తెల్ల దారం తెచ్చి, పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఒక్కో సబ్బుకూ అడ్డంగా నిలువుగా కట్టాను. కట్టినప్పుడు ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేను. మూడో రోజు ఇవ్వడానికి పెట్టె తీస్తే ప్రతి సబ్బు మీదా దారం ఉన్నచోట ఎర్రటి గీత. ఏం జరిగిందో మీకు ఈపాటికి తట్టి ఉంటుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. కాళ్లకు పెట్టుకునే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సబ్బుకూ సున్నం లాగే క్షార గుణం ఉంది. శ్రావణమాసం గాలిలో తేమ ఉంది. ఆ తేమలో దారం పసుపు సబ్బుకు తగిలి పారాణి అయిపోయింది. 60 సబ్బులూ పైపొర గీకి, కొత్త దారం కట్టి, ఆవిడకు ఉన్న సంగతి చెప్పి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు, అయినా నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇప్పటికీ వ్రతాలకు పసుపు దారమే కడతాను. కాకపోతే కింద బటర్ పేపర్ పట్టీ ఒకటి వేస్తాను. సబ్బుకు నేరుగా తగిలే ప్రతి వస్తువునూ అలా అనుమానించి చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. స్టాప్లర్ పిన్ను చూడండి. తీరం గాలికి పది రోజుల్లో తుప్పు పడుతుంది. మరక ఒక్కటే బాధ కాదు, ఇనుము, రాగి తగిలితే సబ్బులో మిగిలి ఉన్న నూనె త్వరగా ముక్కిపోతుంది, పసుపు నారింజ మచ్చలు వస్తాయి. అందుకే పిన్నులు వద్దు. వార్తాపత్రిక కాగితం కూడా వద్దు, తేమకు దాని సిరా సబ్బుకు దిగుతుంది. మైదా జిగురుతో అతికిస్తే బొద్దింకలు కాగితాన్ని కొరికేస్తాయి. ఎలుకల సంగతి సరేసరి, కొబ్బరినూనె సబ్బు వాటికి పండగే, దానికి ఏ కాగితమూ అడ్డు కాదు. ఆరి, చుట్టేసిన సరుకు రాత్రి స్టీలు డబ్బాలో ఉండాల్సిందే.

పెట్టెల గురించి అడుగుతారని తెలుసు. పొద్దున ఒక చెల్లెలు తన ఫోనులో డిజైన్ చూపించింది, బంగారు అంచు, మెరిసే అట్ట, నిజంగా బాగుంది. నేనూ మొదట అలాగే చేశాను. సబ్బులింకా ఆరుతుండగానే 500 పెట్టెలు అచ్చు వేయించాను. కోసినప్పటి కొలత ఇచ్చాను. సబ్బు ఆరు వారాల్లో అన్ని వైపులా కాస్త కాస్త కుంచించుకుంది. పెట్టెలో పెట్టి ఊపితే గలగలమంది. సంతలో కొనేవాళ్లు చెవి దగ్గర పెట్టి ఊపి, ‘ఇదేంటమ్మా, పెట్టె పెద్దది, సబ్బు చిన్నది’ అన్నారు. తూకం సరిగ్గానే ఉంది. అయినా మోసం చేసినదానిలా నిలబడ్డాను. ఏ కొలతైనా ఆరిన సబ్బుకే తీయండి. అది కూడా ఒకటి కాదు, నాలుగు విడతల సబ్బులు కొలిచి.

పెట్టె అనగానే మన ఇళ్లలో అందరికీ గుర్తొచ్చేది మైసూర్ శాండల్. వందేళ్ల కిందటే మైసూరు సంస్థానం బెంగళూరులో పెట్టిన సబ్బుల ఫ్యాక్టరీ అది. నాల్వడి కృష్ణరాజ ఒడయార్ మహారాజు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూనికతో వచ్చింది. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు దారి చూపిన ఇంజనీరు ఆయనే. కోలగా ఉండే ఆ సబ్బును నగల పెట్టెలాంటి అట్టపెట్టెలో పెట్టారు. మా అమ్మమ్మ ఆ ఖాళీ పెట్టెలో సూదులు, దారాలు, పిన్నీసులు దాచుకునేది. తీసిన ప్రతిసారీ గంధం వాసన వచ్చేది. అలాంటి పెట్టె మనకూ కావాలని అనిపించడం సహజం. కానీ అక్కడ పెట్టె చేసే పని వేరే. అది యంత్రాల్లో నూరి, గట్టిగా నొక్కిన సబ్బు. ఎక్కడో బెంగళూరులో తయారై, లారీలెక్కి, గోదాముల్లో నెలల తరబడి ఉండి, కొట్లోకి రావాలి. అంత దూరం ఆ గంధం పోకుండా పెట్టె కాపలా కాస్తుంది. అది గంధపు సబ్బని కొనేవాళ్లకు ముందే తెలుసు, వాసన చూసి తేల్చుకోవాల్సిన అవసరం లేదు. మనం ఈ నెల చేసింది వచ్చే నెలలో పక్క ఊరి సంతలో అమ్ముతాం, అదీ మనమే ఎదురుగా నిలబడి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే సబ్బుకు చుట్టు కాగితమే ఉండేది కాదు. మా చిన్నప్పుడు బట్టల సబ్బు పొడుగు బారును కిరాణా కొట్లో ముక్క కోసి ఇచ్చేవారు. ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు అంతే, కొట్టువాడు బారు కోసి తూచి ఇచ్చేవాడు. విలియం లీవర్ అనే ఆయన 1884లో సన్‌లైట్ అన్న పేరు రిజిస్టరు చేయించి, ఒక్కో సబ్బునూ పార్చ్‌మెంటు అనే పాతకాలపు తోలు కాగితాన్ని పోలిన కాగితంలో చుట్టి ఆ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సబ్బే 1888 నాటికి కలకత్తా రేవులో దిగింది. ఇదెందుకు చెబుతున్నానంటే, చుట్టు మీద పేరు పుట్టింది తయారు చేసినవాడు కొనేవాడికి కనబడని చోట. మీరు కొనేవాళ్లకు కనబడతారు. మీ చుట్టు మీద భారం కొంత తగ్గినట్టే.

ఇక నేను ఏం వాడతానో చెబుతాను. పట్టీ. మా ఇంట్లో దాన్ని వడ్డాణం అంటాం. సబ్బు నడుముకు చుట్టే కాగితం, రెండు చివర్లా సబ్బు బయటికి కనిపిస్తుంది, వాసన వస్తుంది, గాలాడుతుంది. లెక్క చెబుతాను రాసుకోండి. నా సబ్బు ఆరాక పొడవు 8 సెంటీమీటర్లు, వెడల్పు 5.5, మందం 2.5. నడుము చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. ఒకదానిమీద ఒకటి ఎక్కడానికి ఒకటిన్నర కలిపితే పట్టీ పొడవు 17.5. పట్టీ వెడల్పు 4.5 పెడతాను, అప్పుడు అటూ ఇటూ ముప్పాతిక అంగుళం లోపు సబ్బు విడిగా ఉంటుంది. ఒక ఏ4 కాగితంలో ఇలాంటివి ఆరు వస్తాయి. పక్కన మూడున్నర సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది, దాన్ని పారేయను, వాసన చూసే ముక్కల పక్కన పేర్లు రాసి పెట్టడానికి వాడతాను. మా ఊళ్లో రంగుల ప్రింటు కాగితానికి పది రూపాయలు తీసుకుంటున్నారు, అంటే సబ్బుకు రెండు రూపాయల లోపే. పెట్టెకు నాకు తొమ్మిది రూపాయలు పడింది. 120 రూపాయల సబ్బు మీద ఆ ఏడు రూపాయల తేడాకు నేను ఇంకాస్త ఆముదం వేస్తాను. ఒంటికి తగిలేది అదే కదా.

కాగితం మరీ పల్చగా ఉంటే నూనె మరక బయటికి కనబడుతుంది. గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ 100 నుంచి 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం తూకం, గ్రాముల్లో) సరిపోతుంది, ఆ రంగు మీద మరక పడినా కంటికి ఆనదు. పట్టీని సబ్బుకు అతికించకండి, కాగితాన్ని కాగితానికే అతికించండి. సబ్బు ఎండి కుంచించుకుంటే పట్టీ వదులై జారిపోతుంది. అలా జారిందంటే ఆ సబ్బును తొందరపడి చుట్టామని అర్థం. నేను పట్టీ వేసేది ఆరు వారాలు నిండాకే, సంతకు నాలుగైదు రోజుల ముందు. మిగతా రోజులు అన్నీ వెదురు తడక మీద విడిగానే ఉంటాయి. రకరకాల వాసనలవి ఒకే చోట పెట్టకండి, తులసి సబ్బు లావెండర్ వాసన వేస్తుంది.

గుడ్డ సంచులు బాగుంటాయి. మచిలీపట్నం దగ్గర పెడన వైపు వెళ్లినప్పుడు కలంకారీ గుడ్డ ముక్కలు తెచ్చి, మా వీధి టైలరమ్మ చేత చిన్న చిన్న సంచులు కుట్టిస్తాను. ఖర్చు ఎక్కువ, సబ్బు కనబడదు. కాబట్టి సంతలో బల్ల మీద పేర్చడానికి కాదు, పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు ముందుగా చెప్పి చేయించుకునేవాళ్లకు. అడ్డాకులో చుట్టడం కూడా ప్రయత్నించాను. ఫొటోలో ఎంతో అందంగా ఉంటుంది. వాస్తవంలో పచ్చిగా ఉంటే బూజు, ఎండితే పెళుసు, పైగా ఆకు రంగు సబ్బుకు దిగుతుంది. తాటాకు బుట్టలో ఐదు సబ్బులు పేర్చి ఇస్తే మాత్రం చాలా బాగుంటుంది, బుట్ట తర్వాత ఇంట్లో వాడుకుంటారు.

ఇప్పుడు పట్టీ మీద ఏం రాయాలి. ఇది కాస్త శ్రద్ధగా వినండి, ఇక్కడ తప్పు చేస్తే జరిమానా ఉంటుంది. కొనేవాళ్లు రాకముందే ఇంత తూకమని నిర్ణయించి చుట్టి ఉంచిన సరుకుకు 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు ఉన్నాయి, తూనికలు కొలతల శాఖ చూస్తుంది. తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, నికర తూకం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, గ్రాముకు ఎంత పడుతుందో ఆ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను, ఇవన్నీ ఉండాలి. ప్యాకింగ్ చేసేవాళ్లుగా మీరు ఆ శాఖ దగ్గర నమోదు కూడా చేయించుకోవాలి. తూకం దగ్గర ఒక వెసులుబాటు ఉంది. ఇంటికెళ్లి ఏ సబ్బు కాగితమైనా తిప్పి చూడండి, తూకం పక్కన ‘వెన్ ప్యాక్డ్’ అని ఉంటుంది. ప్యాక్ చేసినప్పటి తూకం ఇది అని. సబ్బు ఎండుతుందని చట్టానికీ తెలుసు. అయినా నేను 105 ఉన్నదాని మీద 100 అనే రాస్తాను. సంతలో ఎవరైనా తూచి చూసినా మాట పడకూడదు.

సబ్బు మన చట్టంలో సౌందర్య సాధనం కిందికి వస్తుంది. ఒకప్పుడు ఆ నిర్వచనంలోనే సబ్బు కాకుండా అని ఉండేది, 1982 సవరణలో ఆ మాటలు తీసేశారు. కాబట్టి అమ్మడానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. ఆ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఏమేం వేశామో, అన్నీ పట్టీ మీదికి రావాలి. ఇవన్నీ ఒక్కరికి భారమే, సంఘంగా కలిసి ఒకే చోట తయారుచేసి ఒకే లైసెన్సు తీసుకునే దారి చూడండి. మొటిమలు పోతాయి, తామర తగ్గుతుంది అని మాత్రం రాయకండి. రోగం నయం చేస్తానన్న మాట మందులకు చెందింది. ‘వేపాకు, పసుపు వేసి చేసిన సబ్బు’ అని రాయండి చాలు. వేపాకు ఎందుకు మంచిదో మన ఊళ్లో ఎవరికీ వివరించక్కర్లేదు.

భాష సంగతి. చట్టం అడిగే వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, వాటితో పాటు ఇంకే భాషైనా వాడుకోవచ్చు. కాబట్టి ఆ వివరాలు వెనకవైపు ఇంగ్లిష్‌లో పెట్టి, ముందువైపు పేరు తెలుగులో పెద్దగా వేయండి. ‘సున్నిపిండి సబ్బు’. రెండే మాటలు. మొదట్లో నేను ఇంగ్లిష్ పేర్లు పెట్టేదాన్ని. ఒకసారి సంతలో ఒక పెద్దావిడ మనవరాలితో వచ్చి, ‘ఇదేంటే, చదివి చెప్పు’ అని ప్రతి సబ్బూ చూపించి అడుగుతోంది. ఆ పిల్ల చదువుతోంది గానీ అందులో సున్నిపిండి ఉందని ఆవిడకు అర్థం కావడం లేదు. నేను ‘సున్నిపిండి వేశాం పెద్దమ్మా’ అనగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. నాలుగు తీసుకుంది. ఆ రాత్రే అన్ని పేర్లూ మార్చాను. పేరు ఎంత పెద్దగా ఉండాలంటే, ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని, రెండో చేత్తో సంచి మోస్తూ, చీకటిపడ్డాక లైటు వెలుతురులో రెండడుగుల దూరం నుంచి చదవగలగాలి. మేళాల్లో బేరం ఎక్కువగా సాయంత్రం ఆరు తర్వాతే కదా.

చేతి సంచి కూడా ప్యాకింగే. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులు 2022 ఆఖరు నుంచి వాడకూడదు. నేను పాత చీర ముక్కలతో చిన్న సంచులు కుట్టించి, మూడు సబ్బులు తీసుకున్నవాళ్లకు ఇస్తాను. ఒకటి రెండు కొన్నవాళ్లకు కాగితం కవరు.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పరీక్ష చేయండి. ఒకే విడతలో ఆరిన ఐదారు సబ్బులు తీసుకోండి. ఒకటి విడిగా, ఒకటి పట్టీతో, ఒకటి బటర్ పేపర్‌లో, ఒకటి పెట్టెలో, ఒకటి ప్లాస్టిక్‌లో. వంటింటి త్రాసు మీద తూచి, తేదీ వేసి రాసుకోండి. ఇంట్లో ఎక్కువ చెమ్మ ఉండే చోట నెల రోజులు పెట్టండి. వారానికోసారి తూచండి, వాసన చూడండి, వేలితో తాకండి. నేను ఆగస్టులో చేశాను. పట్టీ వేసింది వాన పడ్డ వారంలో రెండు గ్రాములు పెరిగి, ఎండ రాగానే మళ్లీ దిగింది. ప్లాస్టిక్‌లోది తూకం పెద్దగా మారలేదు గానీ విప్పితే మీద జిగట. హైదరాబాదులో జనవరిలో జరిగే నుమాయిష్‌కు వెళ్లేవాళ్లకు ఆ చలి, పొడి గాలిలో ఈ బాధ ఉండదు. అదే సబ్బు జూలైలో విశాఖ తీరాన పెడితే కథ వేరు. మీరు ఎక్కడ, ఏ నెలలో అమ్ముతారో అక్కడి గాలికి చేయండి పరీక్ష.

ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక మహిళ: అక్కా, వానలో స్టాలు పెడితే పట్టీ వేసిన సబ్బులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటే ఉంటాయి కదా, చెమట పట్టవా?)

పడతాయమ్మా. అందుకని మొత్తం సరుకు బల్ల మీద పేర్చను. ఒక్కో రకం నాలుగే పెడతాను, మిగతావి మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో, అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతాను. కొన్నవాళ్లకు డబ్బాలోంచి తీసి ఇస్తాను. బల్ల మీదవి అందరూ ముట్టుకుని వాసన చూసేవి, వాటిని అమ్మను. సాయంత్రం ఇంటికి తెచ్చి తడక మీద ఆరబెడతాను. చెమట పట్టినప్పుడు గుడ్డతో తుడవాలనిపిస్తుంది, తుడవకండి, మీదున్న నునుపు పోయి మచ్చలు పడతాయి. అలాగే వదిలేయండి, ఆరిపోతుంది.

రండి, మీరు తెచ్చిన సబ్బులన్నీ ఆ కిటికీ దగ్గర బల్ల మీద పెట్టండి. స్కేలు, కత్తెర, క్రాఫ్ట్ పేపరు తెచ్చాను. ఒక్కొక్కటీ కొలిచి పట్టీలు కత్తిరిద్దాం.